ఉక్కు కవచం సరే.. లోపలి బొంత కోటు సంగతేంటి?

మధ్యయుగాల యూరప్ యోధుడు అనగానే మన కళ్ల ముందు నిలిచేది తళతళలాడే ఉక్కు మనిషి. నడినెత్తి నుంచి కాలి వేళ్ల దాకా రేకులే. సినిమాల్లో, వీడియో గేముల్లో, మ్యూజియం అద్దాల వెనుక కనిపించేదీ అదే. అయితే ఆ ఉక్కు లోపల ఇంకో దుస్తు ఉండేది. దూది, నారబట్ట, ఉన్ని పొరలు పొరలుగా పేర్చి దగ్గర దగ్గరగా కుట్టిన కోటు. మన మాటలో చెప్పాలంటే బొంత. కవచం బరువును ఒంటి మీద సర్దేదీ, దెబ్బ అదురు ఎముకకు చేరకుండా చూసేదీ ఆ బొంతే. ఫొటోల్లో కనబడదు కాబట్టి దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఈ సంగతి ఇప్పుడు మేం ఎందుకు ఎత్తుకున్నామంటే, ఈ కవచాలు మ్యూజియాలతో ఆగిపోలేదు. అచ్చం అలాంటివే కొత్తగా చేయించుకుని తొడుక్కునేవాళ్లు ఇవాళ వేలల్లో ఉన్నారు. అమెరికాలోని బర్క్‌లీలో 1966లో మొదలైన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం సభ్యులు పేము బెత్తాలతో చేసిన కత్తులు పట్టి తలపడతారు. 2010లో ఉక్రెయిన్‌లోని ఖోటిన్ కోటలో మొదటిసారి జరిగిన బ్యాటిల్ ఆఫ్ ద నేషన్స్ పోటీల్లో అయితే పదును లేని ఉక్కు ఆయుధాలతో నిజంగానే బాదుకుంటారు. కత్తితో పొడవడం మాత్రం నిషేధం. ఇవి కాక గుర్రాల మీద ఈటెల పోటీలు, చరిత్ర ప్రదర్శనలు, సినిమాలు. వీళ్లందరికీ కవచాలు చేసి పంపేవాళ్లలో మన దేశపు పనివాళ్లూ ఉన్నారు. డెహ్రాడూన్‌లో 1943లో పుట్టిన విండ్లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్ పేరు పాతకాలపు కత్తుల నకళ్లు కొనేవాళ్లకు బాగా తెలిసిందే.

ఈ మోజు మరీ కొత్తదేమీ కాదు. 1839 ఆగస్టులో స్కాట్లండ్‌లో ఎగ్లింటన్ ప్రభువు తన ఎస్టేట్‌లో మధ్యయుగాల నాటి ఈటెల పోటీ పెట్టించాడు. కవచాలు సమకూర్చింది లండన్ వ్యాపారి శామ్యూల్ ప్రాట్. చూడ్డానికి జనం విరగబడి వచ్చారు. తీరా ఊరేగింపు మొదలయ్యే వేళకు కుండపోత వాన పట్టుకుని అంతా బురదపాలైంది. ఆ తర్వాత చాలాకాలం కవచం అంటే నవ్వులాటగానే చూశారు.

నవ్వులాటకు తోడు ఒక అపోహ కూడా పాతుకుపోయింది. కవచం తొడిగిన వీరుడు తనంతట తాను గుర్రం ఎక్కలేడని, కప్పీ వేసి తాడుతో పైకి లాగి కూర్చోబెట్టేవారని. లారెన్స్ ఒలివియర్ 1944లో తీసిన ‘హెన్రీ ది ఫిఫ్త్’ సినిమాలో ఈ దృశ్యం ఉంది. చూసినవాళ్లంతా నిజమనుకున్నారు. కానీ 15వ శతాబ్దపు యుద్ధ కవచం మొత్తం కలిపి 20 నుంచి 25 కిలోలు తూగేది. ఇవాళ్టి సైనికుడు వీపున మోసే సరంజామా దీనికేమీ తీసిపోదు. ఈటెల పోటీకి ప్రత్యేకంగా చేసినవి మాత్రం అంతకు చాలా ఎక్కువ బరువు. అవి కొన్ని నిమిషాల ఆటకు తప్ప యుద్ధానికి పనికొచ్చేవి కావు. ఫ్రాన్స్ సేనాని బూసికో (1366-1421) ఒంటి మీద కవచంతోనే పిల్లిమొగ్గలు వేసేవాడని, నిచ్చెనను వెనుక వైపు నుంచి చేతులతోనే పట్టుకుని ఎక్కేవాడని ఆయన జీవితచరిత్ర చెబుతోంది. మన రోజుల్లో స్విట్జర్లాండ్ పరిశోధకుడు డేనియల్ జాకే 15వ శతాబ్దపు నమూనాతో చేసిన కవచం తొడిగి పరుగెత్తి, గెంతి, నిచ్చెన ఎక్కి చూపించాడు.

అలాగని కవచం తేలికని కాదు. ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ఒక అధ్యయనం వెలువరించారు. రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో కవచాలతో ప్రదర్శనలిచ్చేవారిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, పరుగెత్తించి, వాళ్లు పీల్చే ఆక్సిజన్ కొలిచారు. కవచం లేనప్పటితో పోలిస్తే ఒంట్లో శక్తి ఖర్చు దాదాపు రెట్టింపైంది. అదే బరువును వీపు మీద మూటగా కట్టుకుంటే ఇంత ఖర్చు కాదు. కారణం కాళ్లు. పిక్కలకు, తొడలకు, పాదాలకు కట్టిన ఉక్కును ప్రతి అడుగుకూ ఎత్తి ఊపాలి. పైగా ఛాతీ రేకు బిగువుకు ఊపిరి నిండా పీల్చడం కుదరదు. చిన్న చిన్న శ్వాసలు వేగంగా తీస్తూ ఆయాసపడాల్సిందే.

కాబట్టి అసలు ప్రశ్న బరువెంత అని కాదు, ఆ బరువు ఒంట్లో ఎక్కడ ఆనుతోంది అని. దానికి జవాబు ఉక్కులో లేదు, లోపలి కోటులో ఉంది.

బొందులతో కట్టే కవచం

న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో 15వ శతాబ్దపు ఇంగ్లిష్ రాతప్రతి ఒకటుంది. నేల మీద నిలబడి పోరాడే యోధుడికి కవచం ఎలా తొడగాలో అందులో వరసగా రాశారు. మొదలు పెట్టేది ఉక్కుతో కాదు, బట్టతో. లోపల చొక్కా ఉండకూడదు. గట్టి నేత బట్టకు శాటిన్ లోపలి గుడ్డ వేసి కుట్టిన కురచ కోటు నేరుగా ఒంటి మీద వేసుకోవాలి. గాలి ఆడేందుకు దానికి నిండా చిల్లులుండాలి. చంకల దగ్గర, మోచేతి మడత దగ్గర రేకు చేరని చోట్ల ఇనుప రింగుల అల్లికను కోటుకే కుట్టాలి. కవచం ముక్కల్ని కట్టడానికి విల్లు తాడుకు వాడేలాంటి గట్టి దారంతో బొందులు పేని, వాటికి మైనం పట్టించాలి. మోకాళ్లు ఒరుసుకోకుండా కంబళి ముక్కలు చుట్టాలి.

కంబళి ముక్క దాకా రాశాడంటే ఆ రాసినవాడు తొడుక్కుని బాధపడ్డవాడో, పక్కనుండి తొడిగినవాడో అయ్యుండాలని మాకనిపిస్తుంది. పుస్తకాల్లో కవచం బొమ్మలు గీసినవాళ్లకు ఒరుపు సంగతి తెలియదు.

ఈ కోటు పని ఏమిటంటే, ఇది కవచానికి వేలాడే కొక్కెం లాంటిది. నడుము దగ్గర ఒంటికి అతుక్కున్నట్టు బిగువుగా ఉంటుంది. కాళ్ల రేకుల్ని దీని అంచుకు బొందులతో కడతారు. అప్పుడు కాళ్ల బరువు భుజాల మీద పడకుండా తుంటి ఎముకల మీద ఆనుతుంది. భుజాన బిందె మోసిన మనిషికీ, నడుము మీద పెట్టుకున్న మనిషికీ తేడా మన ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు. చేతుల రేకులు కూడా భుజం దగ్గర ఈ కోటుకే కడతారు. కోటు వదులైతే ప్రతి రేకూ జారుతుంది. జారిన రేకు పక్క రేకును ఒరుసుకుంటుంది, చెయ్యి సగంలో ఆగిపోతుంది.

చెయ్యి సంగతి దర్జీలకు ఇంకా బాగా అర్థమవుతుంది. మామూలు చొక్కా వేసుకుని చేతులు పైకెత్తితే చొక్కా అంచు నడుము నుంచి పైకి లేస్తుంది. ఒంటి మీద 20 కిలోల ఉక్కును ఈ చొక్కాకే కట్టి ఉంటే, చెయ్యెత్తిన ప్రతిసారీ మొత్తం కవచాన్ని ఎత్తుతున్నట్టే. 1364లో ఓరే యుద్ధంలో చనిపోయిన షార్ల్ ద బ్లోయిస్‌దిగా చెప్పే పట్టు కోటు ఫ్రాన్స్‌లోని లియోన్ జౌళి మ్యూజియంలో ఉంది. దాని చంక కత్తిరింపు చాలా పెద్దది. ఛాతీలోకి, వీపులోకి గుండ్రంగా లోపలిదాకా కోసి, ముక్కలు ముక్కలుగా అతికిన చెయ్యిని అక్కడ కుట్టారు. చెయ్యి ఎటు తిప్పినా ఒంటి భాగం కదలదు. ఇవాళ మంచి కోటు కుట్టేవాళ్లు ఈ పాత కోటు కొలతల్నే ముందేసుకుంటారు. చవక రకాల్లో ఈ కత్తిరింపు ఉండదు. మామూలు జాకెట్టుకు దూది కూర్చి అమ్మేస్తారు.

రెండు బొంతలు, రెండు పనులు

కొనేవాళ్లు ఎక్కువగా పొరపడే చోటు ఇక్కడే ఉంది. మందపాటి బొంత కోటు వేరు, రేకుల కింద వేసుకునే పల్చటి కోటు వేరు.

మందపాటిది తానే ఒక కవచం. ఉక్కు కొనలేని మామూలు సైనికుడు దీంతోనే యుద్ధానికి పోయేవాడు. 15వ శతాబ్దంలో ఫ్రాన్స్ రాజు పదకొండో లూయీ తన సైనికుల కోట్ల గురించి ఇచ్చిన ఆదేశంలో 25 నుంచి 30 పొరల నారబట్ట, దానిపైన దుప్పి తోలు ఉండాలన్నాడు. వాడి వాడి మెత్తబడిన బట్టే ఇందుకు మంచిదని కూడా అందులో ఉంది. పాత చీరలతో బొంత కుట్టే మన అమ్మమ్మలకు ఈ మాట కొత్తగా అనిపించదు. మెత్తబడ్డ బట్ట పొరలు ఒకదానితో ఒకటి కరుచుకుని సర్దుకుంటాయి. ఇలాంటి కోటుకు ఇంగ్లిష్‌లో ఉన్న పాత పేర్లలో ఒకటి ‘ఆక్టన్’. అరబ్బీలో దూదిని అల్-కుత్న్ అంటారు. ఆ కోటు పేరు, మనం రోజూ అనే ‘కాటన్’ రెండూ ఆ మాట నుంచే వచ్చాయి.

ఇలా కుట్టుబట్టతో ఒళ్లు కాచుకోవడం యూరప్ ఒక్కదాని సొత్తు కాదు. 1520 ప్రాంతంలో హంపీ వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్ కృష్ణదేవరాయల సేనను కళ్లారా చూసి రాశాడు. గుర్రపు రౌతులు పట్టు, మఖమలు పైబట్టతో కుట్టిన బొంత అంగీలు వేసుకున్నారని, వాటి లోపల గట్టి పచ్చితోలు పొరలూ ఇనుప రేకులూ ఉన్నాయని ఆయన వర్ణన. హంపీ వీధుల్లో తిరిగే మన కర్ణాటక తెలుగు పాఠకులు ఈసారి మహానవమి దిబ్బ దగ్గర నిలబడినప్పుడు ఆ ఎండలో ఆ అంగీలను ఒక్కసారి ఊహించుకోవచ్చు.

రేకుల కింద వేసుకునే కోటు మాత్రం ఇంత మందం ఉండకూడదు. ఉక్కు ఎలాగూ కోతను ఆపుతుంది. బట్ట పని అదురును తగ్గించడం, ఒరుపును ఆపడం, రేకుల్ని పట్టి ఉంచడం. అందుకే దెబ్బ ఎక్కువగా తగిలే చోట, రేకు ఆనే చోట కాస్త మందం, మోచేతి మడతలో దాదాపు ఏమీ లేకుండా కుడతారు. భయపడి మందపాటి బొంత కొని దానిపై రేకులు బిగిస్తే మూడు నష్టాలు. చేతులు మడవవు. రేకులు ఒంటి వంపుకు కూర్చోవు. పది నిమిషాల్లో ఒళ్లు ఉడికిపోతుంది.

రేకు మందం ఒక్కటే చూస్తే చాలదు

ఇప్పుడు ఉక్కు. నకలు కవచాల రేకు మందాన్ని గేజ్‌లో చెబుతారు. అంకె పెరిగే కొద్దీ రేకు పల్చన. 14 గేజ్ అంటే దాదాపు 2 మిల్లీమీటర్లు, 16 గేజ్ ఒకటిన్నర, 18 గేజ్ ఒకటింబావు. మామూలు మెత్తని ఉక్కుతో చేసేవి చవక. కాల్చి నీటిలోనో నూనెలోనో ముంచి గట్టిపరిచిన స్ప్రింగ్ స్టీల్‌తో చేస్తే అదే రక్షణ తక్కువ మందంతో వస్తుంది, ధర మాత్రం బాగా పెరుగుతుంది. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు కానీ చూపుకు పాతకాలపు ఉక్కులా ఉండదు.

పాత కవచాల్లో ఒకే కవచంలో అన్ని చోట్లా ఒకే మందం ఉండేది కాదు. ఛాతీ రేకు నడుమ దట్టంగా, పక్కలకు వచ్చేసరికి పల్చగా ఉండేది. చేతుల రేకులు ఇంకా పల్చన. మిలాన్‌లోని మిసాల్యా కుటుంబం, ఆగ్స్‌బర్గ్‌లోని హెల్మ్‌ష్మీడ్ కుటుంబం లాంటి పేరున్న కమ్మరులు సుత్తితో సాగదీస్తూ ఎక్కడ ఎంత కావాలో అంతే ఉంచేవారు. ఇవాళ మిల్లు నుంచి వచ్చే రేకుకు అంతటా ఒకటే మందం. దాన్ని కత్తిరించి వంచితే రక్షణ అక్కర్లేని చోట కూడా బరువు మిగిలిపోతుంది. చవక నకళ్లు అసలు కంటే ఎక్కువ తూగడానికి ఇదొక పెద్ద కారణం. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో 1640ల్లో కట్టిన ఆయుధశాల ఇప్పటికీ ఉంది, దాదాపు 32 వేల వస్తువులతో. అసలు కవచాలు వరసలు వరసలుగా చూడాలంటే అంతకు మించిన చోటు అరుదు.

కొలతల్లో మొదట తప్పేది ఛాతీ రేకు పొడవు. అది నడుము సన్నబడే చోటే, అంటే బొడ్డుకు కాస్త పైనే ఆగాలి. మన ప్యాంటు బెల్టు దాకా రాకూడదు. అంత పొడుగు రేకు వేసుకుంటే కూర్చున్నప్పుడు కింది అంచు తొడల్లో దిగి, పై అంచు గొంతుకు తగులుతుంది. రెడీమేడ్ కవచాల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి, ఎందుకంటే ఈనాటి కంటికి పొడుగు రేకే ‘సరిగ్గా’ కనిపిస్తుంది. రెండోది పిక్క రేకు. అది కాలికి అచ్చుపోసినట్టు ఉండాలి. అరంగుళం తేడా వచ్చినా చీలమండ తోలు లేచిపోతుంది. ఎంత పేరున్న కమ్మరికైనా పిక్క రేకే పరీక్ష.

రింగుల అల్లికలో కూడా రెండు రకాలున్నాయి. ప్రతి రింగు కొసలనూ రివెట్‌తో బిగించినది ఒకటి, కొసలు ఊరికే ఎదురెదురుగా ఆనించినది ఇంకొకటి. రెండోది చూపులకు బాగానే ఉంటుంది, గట్టి దెబ్బకు రింగులు విచ్చుకుంటాయి. నాటకానికి సరిపోతుంది, పోటీకి సరిపోదు.

మాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది శిరస్త్రాణం. అలంకారానికి హాలులో నిలబెట్టే కవచాలూ, ఒంటికి తొడుక్కునే కవచాలూ దుకాణాల్లో పక్కపక్కనే, ఒకే రకం ఫొటోలతో అమ్ముడవుతున్నాయి. అలంకారపు టోపీ పల్చటి రేకు. లోపల ఏమీ ఉండదు, ఉన్నా పేరుకు నాలుగు తోలు పట్టీలు. దాన్ని పెట్టుకుని పేము కత్తి దెబ్బ తిన్నా ప్రమాదమే. గేజ్ ఎంతో, ఎందుకు పనికొస్తుందో రాయకుండా అమ్మడం మన దేశంలో మంచి పని చేసేవాళ్లకు కూడా చెడ్డపేరు తెస్తోంది.

పాతకాలంలో శిరస్త్రాణం లోపల దట్టంగా కుట్టిన బట్ట టోపీ ఉండేది. నారపీచో దూదో కూర్చి, నడినెత్తిన నాడాతో దగ్గరకు లాగి కట్టేవారు. దానివల్ల తలకూ ఉక్కుకూ మధ్య ఖాళీ మిగిలేది. దెబ్బ తగిలినప్పుడు ఉక్కు కదిలినా ఆ ఖాళీలో బట్ట నలిగి అదురును మెల్లగా దించుతుంది. ఇవాళ అమెరికా సొసైటీ నిబంధన ప్రకారం శిరస్త్రాణం ఉక్కు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, లోపల అరంగుళం మెత్త గానీ తల ఉక్కుకు ఆనకుండా ఆపే అమరిక గానీ ఉండాలి, గెడ్డం పట్టీ తప్పనిసరి. ఆ పట్టీ లేకపోతే మెత్త ఎంతున్నా దండగ, టోపీ తిరిగిపోయి కళ్లకు అడ్డం పడుతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఎంత మెత్త ఉన్నా పుర్రె లోపల మెదడు కుదుపును పూర్తిగా ఆపలేదు. దెబ్బ తర్వాత తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా, వెలుతురు చూడలేకపోయినా ఆ రోజుకు ఆట ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే.

దెబ్బ తర్వాత భయపడాల్సింది వేడికి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఉక్కు కింద బట్ట, బట్ట కింద ఒళ్లు, గాలి ఎక్కడి నుంచి రావాలి? చవక బొంతల్లో కూర్చేది పాలిస్టర్ దూది. అది చెమట పీల్చదు, వేడిని వదలదు. నూలు చెమట పీలుస్తుంది కానీ ఆరడానికి సమయం తీసుకుంటుంది. నారబట్ట త్వరగా ఆరుతుంది, అందుకే లోపలి పొరకు దాన్నే ఎంచుకుంటారు. యూరప్ వేసవిలోనే ఇంత జాగ్రత్త కావాలి. అనుభవం ఉన్న జట్లు పోటీకీ పోటీకీ మధ్య టోపీ, చేతి తొడుగులు తీసి నీళ్లు తాగించడం ఒక మనిషికి పనిగా అప్పగిస్తాయి. చెమట పట్టడం ఆగిపోయి మాట తడబడితే అది వడదెబ్బ. అప్పుడు బకిళ్లు విప్పుతూ కూర్చోకుండా బొందులు కోసెయ్యాలి.

ఇవన్నీ తెలిసినవాళ్లు కొనే వరస కూడా వేరుగా ఉంటుంది. మొదట బూట్లు, ఆ తర్వాత ఒంటికి కుట్టించుకున్న కోటు. దాన్ని నాలుగైదు వారాలు వేసుకుని సాధన చేస్తారు. కొత్త బొంత మెత్తబడి ఒంటి వంపులు పట్టాక, అది వేసుకునే కవచానికి కొలతలిస్తారు. ఒట్టి ఒంటి మీద తీసిన కొలతతో చేసిన రేకు కోటు మీద బిగుసుకుపోతుంది. తర్వాత శిరస్త్రాణం, చేతి తొడుగులు. ఛాతీ రేకు, కాళ్లు, చేతులు డబ్బు కుదిరిన కొద్దీ. ఫొటోకు బాగుంటుందని ఛాతీ రేకుతో మొదలు పెట్టినవాళ్లు తర్వాత దాన్ని మళ్లీ కమ్మరి దగ్గరకు మోసుకెళ్లాల్సి వస్తుంది.

తొడుక్కోవడానికి పక్కన ఇంకో మనిషి కావాలి. కింది నుంచి పైకి వస్తారు, పాదాలు, పిక్కలు, తొడలు, ఆ తర్వాత ఛాతీ, చేతులు, చివరికి తల. విప్పాక ముందు చూసుకోవాల్సింది బట్టనే. తడి కోటును ఉక్కులోనే వదిలేస్తే తెల్లారేసరికి లోపలి వైపు ఎర్రటి మచ్చలు. తీరంలో ఇనుప వస్తువు ఎంత తొందరగా తుప్పెక్కుతుందో యానాంలో, చెన్నైలో ఉండేవారికి మేం చెప్పనక్కర్లేదు. రేకును పొడిగుడ్డతో తుడిచి పల్చగా నూనె రాస్తారు. ఆ నూనె బట్టకు అంటకుండా కోటును విడిగా గాలి ఆడేచోట, దండెం మీద బరువుకు సాగిపోకుండా పరచి ఆరబెడతారు.